బుల్లెట్ పాట... భోగాపురం బాట!

ఆన్‌లైన్ వేలంలో బండి పెట్టాలంటే ముందు కావాల్సింది మంచి ఫొటోలు. అందుకే ఆ ఆదివారం ఇంకా తెల్లారకుండానే విజయనగరంలో కిక్ కొట్టాను. 2014 మోడల్ క్లాసిక్ 350. ఏపీ 35 నంబరు, అంటే పక్కా మన జిల్లా బండి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చేశాక, ఈ 35 అంటే మావాళ్లకి మోజు ఇంకా పెరిగింది.

ఆ బండికి నేను చేయించని సోకు లేదు. పొడవాటి హ్యాండిల్, అలాయ్ వీల్స్, ఎల్‌ఈడీ లైట్లు, ట్యాంకుకి మిలిటరీ గ్రీన్ రంగు, వీధి మొత్తం లేచి కూర్చునే సైలెన్సర్. అన్నీ కలిపి 60 వేలు. ఇప్పుడెందుకు అమ్మడం అంటారా? చెల్లి కాలేజీ ఫీజుకి నెలాఖరే గడువు.

డెంకాడ మీదుగా వెళ్లి నాతవలస దగ్గర హైవే ఎక్కి, విశాఖ వైపు తిరిగితే భోగాపురం. మొదటి ఫొటో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం వైపు వెళ్లే రోడ్డు మీద. 2023 మే 3న దీనికి శంకుస్థాపన జరిగింది. అంతకుముందు ఈ దారుల్లో బండి వేసుకుని తిరిగితే కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోటలే కనిపించేవి. ఇప్పుడు ఎర్రమట్టి మీద కొత్త రోడ్లు. బ్యాక్‌గ్రౌండ్ అదిరింది.

రెండో ఫొటో కోసం ముక్కాం తీరానికి వెళ్లాను. బోట్లు అప్పుడే ఒడ్డుకి చేరుతున్నాయి. బండి స్టాండేసి చూస్తే అక్కడా వేలమే! మనవాళ్లు దాన్ని 'పాట' అంటారు కదా. యాప్ లేదు, టైమర్ లేదు. ఇసుకలో చేపల కుప్ప, చుట్టూ జనం. ఒకామె పెద్ద చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించింది. "సూసుకో బాబూ, కొన్నాక నన్ననకు" అంది కొనేవాడితో. వాడు మారు మాట్లాడకుండా పాట పెంచాడు.

నేను మాత్రం బండిని కుడివైపు నుంచే ఫొటోలు తీస్తున్నాను. ఎడమవైపు ఇంజిన్ కవర్ మీద జానెడు గీత ఉంది మరి. పోయినేడు కంకర మీద జారి పడ్డప్పటిది. ఆమె మాట చెవిలో పడ్డా, ఆ ఫొటో తియ్యకుండానే ఇంటికొచ్చేశాను.

వేలం ఏడు రోజులు. కనీస ధర 85 వేలు పెట్టాను. మూడో రోజుకి పాట 78 వేలకి వచ్చింది. అప్పుడు ఒకాయన అడిగాడు: "తమ్ముడూ, ఎడమవైపు ఫొటో లేదేం? కంపెనీ సైలెన్సర్ ఉందా?"

ఆ రెండో ప్రశ్న వెనకాల చట్టముంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. చప్పుడు చేసే సైలెన్సర్‌తో దొరికితే జరిమానా కొన్నవాడి నెత్తినే పడుతుంది. నేను ముచ్చటపడి ఖర్చు పెట్టినవే కొనేవాడికి తలనొప్పులన్నమాట.

అటక ఎక్కాను. అమ్మ గోనెసంచిలో కట్టి దాచిన పాత సైలెన్సర్, పాత హ్యాండిల్ దొరికాయి. "పారేద్దామంటే నేనే ఒద్దన్నాను" అంది అమ్మ గర్వంగా. వాటికి ఫొటోలు తీశాను. గీతకీ తీశాను. అన్నీ పెట్టేశాను.

ఇద్దరు తప్పుకున్నారు. రెండు రోజులు పాట కదల్లేదు. ఫీజు తలుచుకుంటే నిద్ర పట్టలేదు. ఎందుకు పెట్టానా ఆ ఫొటో అని తిట్టుకున్నాను కూడా. ఆఖరి రోజు, చివరి పది నిమిషాల్లో మళ్లీ కదిలి 88,500 దగ్గర ఆగింది. పాడుకున్నది ఆ ప్రశ్నలడిగిన గాజువాక అన్నే.

"ఫొటోలోని ఒడ్డు దగ్గరే బండి చూస్తాను" అన్నాడు. ముక్కాంలోనే కలిశాం. గీత మీద వేలు పెట్టి నవ్వాడు. "ఇది చూపించావు కాబట్టే ఇంజిన్ గురించి చెప్పింది నమ్మాను" అన్నాడు. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. అమ్మిన సంగతి 14 రోజుల్లో రవాణా శాఖకి చెప్పాల్సింది మనమే. లేకపోతే రేపు వాళ్ల చలానా మన పేరు మీదే వస్తుంది. ఇది మాత్రం మర్చిపోకండి ఫ్రెండ్స్.

60 వేల సోకుల గురించి ఆయన ఒక్క మాటా అడగలేదు. గోనెసంచిని మాత్రం జాగ్రత్తగా వెనక కట్టుకున్నాడు. నన్ను భోగాపురం జంక్షన్లో దింపి వెళ్లిపోయాడు. ఆ చప్పుడు హైవే మీద చాలాసేపు వినపడింది.

విజయనగరం బస్సెక్కాను. కండక్టర్ నా చేతిలో హెల్మెట్ చూసి, "ఏటి బాబూ, బండేది?" అన్నాడు.

"పాటలో పోయింది" అన్నాను, టికెట్‌కి చిల్లర తీస్తూ.