లెస్ కాదు, లెస్స!

పదవీ విరమణానంతరం మూడేళ్ళు కూర్చుని, మా అమ్మ నోట విన్న సామెతలను, నుడికారాలను ఒక దస్త్రంలోకి ఎక్కించాను. నాలుగువేల పైచిలుకు వరుసలు. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ మాటలు వేరొకచోట వ్రాసిపెట్టినదీ లేదు.

మా అబ్బాయి నా పాత కంప్యూటరులో లినక్సు పెట్టి, "నాన్నగారూ, ఈ నల్లని తెరమీద ఆజ్ఞ వ్రాస్తే చాలు" అని చెప్పి ఊరికి వెళ్ళిపోయాడు. దస్త్రం చదువుకొందామని 'క్యాట్' అన్నాను. ఇది మార్జాలం కాదు. గొలుసుకట్టుట అనే అర్థంగల కాన్‌కాటినేట్‌కు సంక్షిప్తరూపం. వరుసలన్నీ ఏటి వరదలా పరుగెత్తి, చివరి పుట మాత్రం మిగిలింది.

ఫోను చేస్తే 'లెస్' అనమన్నాడు. అన్నాను. తెరనిండా కోణపు కుండలీకరణాలు, వాటి నడుమ ఈ0, బీ0 అనే సంకేతాలు! గుండె జారిపోయింది. అమ్మ మాటలు పోయాయనుకొన్నాను.

"ఏమీ పోలేదు. లెస్ చూపిస్తుందే గాని, తనంత తాను దేన్నీ దిద్దదు. ఇది యూటీఎఫ్-8 అని దానికి చెప్పలేదంతే" అని ఒక వరుస వ్రాయించాడు. ఆ పద్ధతిలో మన లిపిసంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. కూర్చి చదవడం తెలియని బాలుడిలా అది విడివిడిగా చదివిందన్నమాట. మరుక్షణం తెలుగు ప్రత్యక్షమైంది.

ఖాళీమీట నొక్కితే ముందు పుట, 'బి' నొక్కితే వెనుక పుట. ఏటవాలు గీత పెట్టి మాట వ్రాస్తే వెదకుతుంది. 'ఎన్' అంటే తరువాతి చోటు. 'క్యూ' అంటే సెలవు.

1978లో బర్క్‌లీలో డేనియల్ హాల్బర్ట్ వ్రాసిన 'మోర్' మొదట్లో ముందుకే నడిచేది. వెనుకకూ పోగలగాలని మార్క్ న్యూడెల్మన్ 1983-85 నడుమ 'లెస్' వ్రాశాడు. ఎక్కువకు పోటీగా తక్కువ అని వారి చమత్కారం. మనకు లెస్స అంటే శ్రేష్ఠమే కదా! సింహావలోకనమనే మాటను తరగతిలో ఎన్నిసార్లు వివరించానో; దానికొక మీట ఉంటుందని అనుకోలేదు.

'కవ్వం' అని వెదకాను. మూడుచోట్ల అమ్మ పలికింది. మరునాడే ఆ దస్త్రానికి రెండు ప్రతులు తీయించి వేర్వేరు చోట్ల దాచాను. మిత్రులారా, మీరూ ఆ పని చేయండి.

స్వస్తి.