టేపు మీద నొక్కు

మా అమ్మాయి ఇంజనీరింగు చదువుతున్నది. మొన్న సెలవులకు నరసరావుపేట వచ్చి, అటక మీద ఉన్న మా నాన్న పనిముట్ల పెట్టె దింపింది. వడ్రంగం చేసినన్నాళ్ళూ ఆయన జేబు వదలని ఉక్కు టేపు అందులో దొరికింది.

"నాన్నగారూ, ఇది చుట్ట చుట్టుకునే దూలం, తెలుసునా?" అన్నది.

తెలుగు మేష్టర్ని. చాప చుట్టడం ఎరుగుదును గాని, దూలం చుట్టడం ఎక్కడా వినలేదు. నవ్వాను.

టేపుకు పొడుగునా చిన్న పల్లం ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. ఆ పల్లం పైకి ఉండేటట్టు పట్టుకుని లాగితే మూడడుగులు గాలిలో నిటారుగా నిలిచింది. బోర్లించేసరికి పుటుక్కున వాలిపోయింది! గట్టిదనమంతా ఆ వంపులో ఉన్నదట. చుట్టేటప్పుడు వంపు చదునవుతుంది. వదిలితే మళ్ళీ లేస్తుంది. మా నాన్న తాటిమట్ట చూపించి, "దొప్పగా ఉన్నది కనుకనే నిలుస్తున్నదిరా" అనేవాడు. వడ్రంగి మాటలని నేను చెవిన పెట్టలేదు.

కెనడాలో జార్జి క్లైన్ అనే ఆయన ఈ కిటుకుతోనే గొట్టాలు చేశాడట. లోహపు పట్టీకి గొట్టంగా ముడుచుకునే స్వభావం ముందే పట్టించి, చదును చేసి, డ్రమ్ముకు చుట్టడం. 1962లో ఆ దేశపు ఉపగ్రహం అలూయెట్ ఆకాశంలోకి వెళ్ళి, ఈ కొస నుంచి ఆ కొసకు 45 మీటర్ల ఏంటెన్నా చాచింది! 2024లో నాసావారు కార్బన్ నారతో చేసిన 7 మీటర్ల వాసాలు నాలుగు చుట్టి పంపారు, సూర్యకాంతితో నడిచే తెరచాపకు. తెరచాప విచ్చుకున్నది గాని, ఒక వాసం కొంచెం వంగింది.

"ఇదిగో, ఇలాగే," అంటూ అమ్మాయి టేపును ఇంకాస్త లాగింది. నాలుగో అడుగు దగ్గర కూలిపోయింది. "ఇక్కడెవరో మడిచేశారు. ఈ నొక్కు ఇక పోదు."

ఎవరో ఏమిటి, నేనే. ఏడో తరగతిలో ఆ టేపుతో కత్తియుద్ధం చేశాను. మర్నాడు ద్వారబంధం కొలవబోతే నొక్కు బయటపడింది. మా నాన్న పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి రెండు తగిలించి, ఆనాటి కూలి కోశాడు. వాడు ఏడుస్తూ నా వంక చూశాడు. నేను పుస్తకంలో తల దూర్చాను.

నాన్న పోయి ఆరేళ్ళయింది. ఆ కుర్రవాడికి ఇప్పుడు సత్తెనపల్లి రోడ్డులో సొంత కొట్టున్నది. రోజూ ఆ ముందు నుంచే కాలేజీకి వెళ్తాను; "బాగున్నారా, మేష్టారూ?" అని పలకరిస్తాడు.

సాయంత్రం టేపు జేబులో వేసుకుని బయలుదేరాను.