మెండోటా ఒడ్డున తెలుగు అల్మారాలు

షికాగో నుంచి ఐ-90 మీద రెండున్నర గంటలు డ్రైవ్ చేస్తే మాడిసన్ వస్తుంది. మెండోటా, మొనోనా సరస్సుల మధ్య సన్నటి నేల మీద కట్టిన ఊరు, విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని. మనవాళ్ళు చాలామంది డెల్స్ వాటర్ పార్కులకి వెళ్తూ దీన్ని దాటేస్తుంటారు. మా అమ్మాయి ఇక్కడి యూనివర్సిటీలో చదువుతోంది కాబట్టి మేం ఆగుతాం.

కంప్యూటర్ సైన్సని చేరిన పిల్ల, రెండో ఏడు రాగానే చరిత్ర మేజర్ చేస్తానంది. "చరిత్ర చదివితే ఉద్యోగం ఎవరిస్తారే?" అని వాళ్ళమ్మ బెంగ. "ఒకసారి వచ్చి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం" అంది అమ్మాయి. సరేనని అక్టోబరు మొదట్లో బయల్దేరాం.

నేరుగా మెమోరియల్ లైబ్రరీకి తీసుకెళ్ళింది. అల్మారాల నిండా తెలుగు పుస్తకాలే! పి.ఎల్. 480 కింద అమెరికా మనకి గోధుమలు అమ్మి, డబ్బు రూపాయల్లో తీసుకునేది. 1962 నుంచి అందులో కొంత పెట్టి మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీలకి పంపారు. మా నాయనమ్మ చెప్పే అమెరికా గోధుమల వెనక ఇంత కథ ఉందని నాకు తెలియదు. అమ్మాయి టర్మ్ పేపర్ దీనిమీదేనట.

పుస్తకాలతో పాటు గురువులూ వచ్చారు. వెల్చేరు నారాయణరావు గారు 1971 నుంచి దశాబ్దాల పాటు ఇక్కడ పాఠాలు చెప్పారు. కన్యాశుల్కానికి ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం 2007లో వచ్చింది. జీన్ రోఘెయిర్ అనే అమెరికన్ అయితే పల్నాడు వెళ్ళి, పల్నాటి వీరుల కథని పాడేవాళ్ళ నోట విని రాసుకుని, 1982లో పుస్తకంగా తెచ్చారు.

సాయంత్రం సరస్సు ఒడ్డున యూనియన్ టెర్రస్‌లో, పొద్దుపొడుపు ఆకారం రంగు కుర్చీల్లో కూర్చున్నాం. అమ్మాయి స్నేహితులొచ్చారు. ఒకమ్మాయి వాళ్ళ మోంగ్ అమ్మమ్మ చెప్పే కథలు రికార్డు చేస్తోంది. ఒకబ్బాయి పాడి రైతు కొడుకు, లాటిన్ చదువుతున్నాడు. వారం వారం కలిసి ఒకరి పేపర్లు ఒకరు దిద్దుకుంటారట. హైస్కూల్లో గది తలుపేసుకుని కూర్చున్న పిల్ల, ఇక్కడ అందరితో గలగలా వాదిస్తోంది.

చరిత్ర మేజర్, పక్కన కంప్యూటర్లలో సర్టిఫికెట్ అని ఒప్పందానికొచ్చాం. వాళ్ళమ్మ బెంగ పూర్తిగా తీరలేదు, నాదీ అంతే. కానీ పిల్లకి తన మనుషులు దొరికారు, తన దారీ కనబడింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి చర్చ నడుస్తుంటే, తేల్చేముందు పిల్లలు చదివేచోటికి ఒక్కసారి వెళ్ళి రండి. మాడిసన్ అయితే బాబ్‌కాక్ ఐస్‌క్రీమ్ మరవకండి. చలి ముదిరితే టెర్రస్ కుర్చీలు తీసేస్తారు, త్వరపడండి!