నేపథ్యంలో కాకి

అశోక్‌నగర్ హాస్టళ్లలో తెల్లారకముందే నాలుగున్నరకి లైట్లు వెలుగుతాయి. గ్రూప్స్ బ్యాచ్ కదా. నేను మాత్రం పుస్తకం బదులు ఫోనూ, కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడి కొన్న చిన్న మైకూ పట్టుకుని డాబా ఎక్కేదాన్ని. ఎవరితోనో మాట్లాడుతున్నానని హాస్టల్ ఆంటీ అనుకుంది. పిట్టల్ని రికార్డు చేస్తున్నానంటే ఆవిడ అనుమానం ఇంకా పెరిగింది.

జెనో-కాంటో అని ఒక భాండాగారం ఉంది. బాబ్ ప్లాంకే, విల్లెమ్-పీర్ వెల్లింగా అనే ఇద్దరు 2005లో నెదర్లాండ్స్‌లో మొదలుపెట్టారు. ఎవరు రికార్డు చేసిన పిట్ట గొంతునైనా అక్కడ దాచొచ్చు, ఎవరైనా వినొచ్చు. ఇప్పుడు కప్పలూ మిడతలూ కూడా ఉన్నాయి. గొంతుని బట్టి పిట్ట పేరు చెప్పే బర్డ్‌నెట్ లాంటివి పాఠాలు నేర్చుకున్నది ఇలాంటి ఫైళ్ల దగ్గరే. నా డిగ్రీ ఏంటో, ఎన్నేళ్ల నుంచి ఖాళీగా ఉన్నానో అక్కడ ఎవరూ అడగలేదు. అడిగేవి వేరే: ఏ పిట్ట, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఎక్కడ, సముద్రమట్టానికి ఎంత ఎత్తు, ఆడా మగా, పాటా పిలుపా, వెనకాల ఇంకేం పిట్టలు వినిపిస్తున్నాయి. అన్నీ నింపితే ఫైలుకో నంబరొస్తుంది. హాల్ టికెట్ నంబర్ కాని నంబరు నా పేరు పక్కన చూడటం నాకు అదే మొదలు.

డాబా మీద నాకు దొరికినవి మామూలు పిట్టలే. చీకట్లో కీచులాడుకునే పైడికంటెలు, తెల్లారాక కంసాలి పిట్ట. సుత్తితో కొట్టినట్టు టుక్, టుక్, టుక్ అంటూనే ఉంటుంది. చిక్కడపల్లి లైబ్రరీలో నేను తిరగేసే బిట్ బ్యాంకుల కంటే దానికే ఓపికెక్కువ.

ఒక ఏప్రిల్ పొద్దున ఏదో సర్టిఫికెట్ పనిమీద కోఠిలో మా పాత కాలేజీకి వెళ్లాను. కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ అది, 1949లో ఆడపిల్లల కాలేజీ అందులోకి వచ్చింది. ఆఫీసు ఇంకా తెరవలేదు. చెట్టు కింద నిలబడితే పైన ఏదో కిక్-కిక్-కిక్-కిక్ అని గుక్క తిప్పుకోకుండా అరుస్తోంది. ఆకుల్లో ఏమీ కనపడలేదు. ఒక నిమిషం పది సెకన్లు రికార్డు చేశాను. బయట రోడ్డు మీద బస్సు హారన్లు కూడా బాగానే పడ్డాయి. ఆ చెట్ల మీద చిలకలు ఎప్పుడూ ఉండేవే కాబట్టి రామచిలుక అని రాసి పంపేశాను. నేపథ్యంలో: కాకి.

మూడో రోజుకి ఎవరో ఆ పేరు మీద సందేహం పెట్టారు. ఇది చిలక కాదు, ఆడ కోయిల అని. తేలేదాకా ఫైలుని పక్కన పెడతారు. నా మొహంలో నెత్తురు చుక్క లేదు. పరీక్షల్లో ప్రిలిమినరీ కీ, అభ్యంతరాలు, ఫైనల్ కీ, ఆ తర్వాత కోర్టు కేసు, ఇన్ని చూసినదాన్ని కదా, తప్పు అంటే పోయినట్టే అని లోపల ఒక లెక్క గడ్డకట్టుకుని ఉంది. పైగా కోయిల! ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న పిట్ట. ఉగాది కవి సమ్మేళనాల్లో కోకిలమ్మ పాట లేకుండా ఒక్క కవితైనా ముగుస్తుందా? కానీ కూ... అని పాడేది మగది. ఆడది గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఆకుల్లో దాక్కుని ఇలా కరుగ్గా అరుస్తుంది. మన కవులు దానికి మగదాని పాట కట్టబెట్టి దాని గొంతు మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను.

సాలిం అలీ 1931–32లో నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేశాడు. అప్పట్లో పిట్టని కాల్చి చర్మం దాచేవాళ్లు. కొలతలు, రంగులు మిగిలాయి, గొంతు మిగల్లేదు. ఇవాళ పిట్ట ఎగిరిపోయినా గొంతు మిగులుతోంది. దానికి నేను తప్పు పేరు పెట్టాను.

ఆ రాత్రి బాపు ఫోన్ చేసిండు. ఏం చేస్తున్నవ్ బిడ్డా అంటే, ఫైల్ అప్‌లోడ్ చేసిన అన్నాను.

"నోటిఫికేషన్ వచ్చిందా?"

కాదని చెప్పి, ఏమనాలో తెలియక ఆ రికార్డింగ్ వినిపించాను. పది సెకన్లు కూడా వినలేదు.

"గది ఆడ కోయిల గదా. కాకి గూడు కాడికి పోతే కాకులు తరుముతయి, గట్లనే ఒర్రుతది."

"ముందే ఎందుకు చెప్పలే బాపూ?"

"నువ్వు అడిగినవా?"

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. నాలుగేళ్లుగా మా ఫోన్లలో ఉన్నది సిలబస్, హాస్టల్ ఫీజు, చెల్లె పెళ్లి. బాపుకి ఏం తెలుసో నేనెప్పుడూ అడగలేదు. పరీక్షల గొడవెత్తకుండా ఆ రోజు ఆయన వడ్లపిట్ట గురించి, జీనువాయి గురించి చాలాసేపు చెప్పిండు. చివర్లో మాత్రం, "ఇవి పరీక్షల అడుగుతరా?" అన్నాడు. అడగరు అన్నాను. "సరే తీ," అన్నాడు.

పేరు మార్చాను. ఆడ, పిలుపు. సందేహం గుర్తు పోయింది. నేపథ్యంలో కాకి అని ఉన్నదాన్ని అలాగే ఉంచి, వ్యాఖ్యల గడిలో ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చాను: కాకి తరుముతున్నట్టుంది, మా నాన్న విని చెప్పారు.