రేటింగ్ సరే, ఏ సీన్ నచ్చింది?

"అన్నా, 'కోర్ట్' సినిమాకు ఎంతిస్తవ్?"

పొద్దున అచ్చంపేట బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతుంటే మా బ్యాచ్ తమ్ముడు అడిగిండు. నేను మూడుంపావు అన్న. వాడు రెండున్నర దగ్గరే ఆగిండు.

పక్క బెంచీ మీద కూసున్న ఒక పెద్దాయన, "మరి ఆ మంగపతి చేసింది తప్పంటరా?" అన్నడు.

ఇగ చూడండి!

సినిమాల 19 ఏళ్ల పిలగాడు, 17 ఏళ్ల పిల్ల, నడుమ మంగపతి పెట్టించిన పోక్సో కేసు. ఆడపిల్ల ఇంటి పెద్దగా మంగపతి భయం న్యాయమే అని ఆయన. పరువు కోసం పిలగాని బతుకు ఆగం చేస్తరా అని తమ్ముడు. గ్లాసుల చాయ్ సల్లారిపోయింది, ఎవ్వరూ తాగలే. మంగపతిగా శివాజీ అంతగనం నటించకుంటే ఈ లొల్లే ఉండకపోవు.

మా తమ్ముని రెండున్నరల ఇవేవీ లేవు. నా మూడుంపావుల గూడ లేవు.

'భీమ్లా నాయక్'కు గూడ మావోళ్లు తలో రేటింగ్ ఇచ్చిండ్రు. కానీ టైటిల్ సాంగ్‌ల మన లింగాల మండలం అవుసలికుంట మొగులయ్య గొంతు, ఆ కిన్నెర వినపడంగనే అందరం ఒక్కటైనం. దానికి ఎన్ని స్టార్లు ఇస్తరు?

రేటింగులు మానేయమంటలేను, నాకూ సరదానే. కానీ రిలీజ్ రోజు పొద్దుగాల్నే అంకె ఏసి చేతులు దులుపుకుంటే సినిమాకు అన్యాయమే.

ఈ మధ్య మీరు చూసిన సినిమా ఏంది? అండ్ల మీతోని ఇంటిదాకా వచ్చిన సీన్ ఏది? కామెంట్ల రాయండి, మాట్లాడుకుందాం.