వీపు చూపించే నాట్యం

‘‘ఒకటే స్టెప్పు కదా... ఎంతసేపు చూస్తాం?’’

‘‘చీరలు మాత్రం భలే ఉన్నాయి.’’

‘‘ఇటు తిరిగి ఆడమనండి, మొహాలు పడట్లేదు!’’

అరకులోయలో ఓ రిసార్టు. డిసెంబరు చలి. మధ్యలో నెగడు భగభగ మండుతోంది. దాని చుట్టూ పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు వేసుకుని, గొలుసులా బిగించుకుని థింసా ఆడుతున్నారు. ఓ పక్కన మగవాళ్ళు డప్పు, తుడుము వాయిస్తున్నారు. ఒకాయన మోరి ఊదుతున్నాడు. కాళ్ళకున్న కడియాలు అడుగడుగునా ఘల్లుమంటున్నాయి. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో విశాఖపట్నం, హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబాలు. అందరి చేతుల్లోనూ ఫోన్లు.

ఫోన్ తీయకుండా కూర్చున్నది ఒక్కావిడే. విశాఖలో పాతికేళ్ళకు పైగా టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. కొడుకు, కోడలు, పదమూడేళ్ళ మనవరాలితో కలిసి పొద్దుటి రైల్లో కొండెక్కారు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో కూర్చుని ఒక్కో సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలేస్తుంటే ఆవిడ కూడా నవ్వారు. నెగడు దగ్గరకొచ్చాక ఆ నవ్వు పోయింది. పక్కనున్న మనవరాలితో మెల్లిగా అన్నారు.

‘‘ఇది థింసా కాదే!’’

అలా అనే హక్కు తనకుందని ఆవిడ నమ్మకం. 1970ల మధ్యలో ఆవిడ నాన్నగారు ఇక్కడికి దగ్గర్లోనే ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడు. చైత్రమాసం ఇటుకల పండుగ రోజుల్లో ఓ రాత్రి తోటి పిల్ల వాళ్ళ ఊరికి లాక్కెళ్ళింది. వెన్నెల తప్ప దీపం లేదు. ఊరి మధ్య మట్టినేల మీద ముసలమ్మలు, కొత్త కోడళ్ళు, పిల్లలు అంతా ఒకే గొలుసు. కూర్చుని చూసేవాళ్ళు లేరు. అలసినవాళ్ళు పక్కకొచ్చి నీళ్ళు తాగి మళ్ళీ కలిసేవారు. ఒక్కొక్కరిదీ ఒక్కో చీర... ముతకది, మోకాళ్ళ కిందికి వచ్చేలా కట్టి, భుజం మీద ముడివేసినది. పదేళ్ళ ఈ పట్నం పిల్లని కూడా మధ్యలో దూర్చుకున్నారు. అడుగు కలవలేదు. అందరూ పడీపడీ నవ్వారు. అయినా వదల్లేదు.

ఆ రాత్రిని యాభై ఏళ్ళుగా ఆవిడ పదిలంగా దాచుకున్నారు. ఇప్పుడీ నెగడు, ఒకే రంగు చీరలు, లెక్కపెట్టినట్టు అరగంట ఆట... ఆవిడకి రుచించలేదు.

నిజానికి ‘ఒకటే స్టెప్పు’ అన్న పెద్దమనిషికి కూడా థింసా గురించి తెలిసింది తక్కువే. అది ఒక నాట్యం కాదు, ఓ కుటుంబం. గ్రామదేవతను తలుచుకుంటూ ఆడేది బోడ థింసా. మగవాడు పాట అందుకుని అడుగు ముందుకేస్తూ ఆడవాళ్ళని ఆటకి పిలిచేది గుండేరి థింసా. ముందుకి వంగి ఊగుతూ లేచేది గొడ్డిబేట థింసా. ఆకులు కోసే పనిని చూపించేది పొతర్ తోల థింసా. పులి బారి నుంచి తప్పించుకోవడం బాగ్ థింసా. భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఆడేది కుండ థింసా. దీపావళికి వాల్మీకులు ఒంటరిగా ఆడేది నాటికారి థింసా. దేవత పూనిన గణాచారి ఆడేది బాయ థింసా. పోర్జాలు, భగతలు, వాల్మీకులు, ఖోందులు, కోటియాలు... తెగ ఏదైనా, పెళ్ళయినా పండగైనా ఈ అడుగు పడాల్సిందే.

పర్యాటకుల ముందు వీటిలో రెండో మూడో కనిపిస్తాయి. మిగిలినవి ఊళ్ళోనే ఉండిపోతాయి.

మనవరాలిది ఇంకో లోకం. బీచ్ రోడ్డులో స్కేటింగ్ నేర్చుకుంటోంది. పరుగు పందెం స్కేటింగ్ కాదు, పాటకి తగ్గట్టు గిరగిర తిరుగుతూ ఎగిరే ఆర్టిస్టిక్ స్కేటింగ్. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చి, 2015లో అర్జున అవార్డు అందుకున్న హైదరాబాదీ అనూప్‌కుమార్ యామా ఆ అమ్మాయికి హీరో. కోచ్ ఆ పిల్లకి రోజూ చెప్పే మాట ఒకటే... జడ్జీల వైపు చూడు, నవ్వు, చూసేవాళ్ళని నీ వైపు లాక్కో.

‘‘అదే నాకు అర్థం కావట్లేదు నానమ్మా. వీళ్ళు అసలు మన వైపు చూడరేం? లోపలికి తిరిగి ఆడతారేం? మనకి వీపులేగా కనిపించేది!’’

ఆవిడ దగ్గర జవాబు లేదు. పదేళ్ళ వయసులో ఆవిడ వరస లోపల ఉన్నారు. వీపులు కనిపిస్తాయన్న సంగతే అప్పుడు తెలియలేదు.

ఆ రాత్రి గదిలో దుప్పట్లు కప్పుకున్నాక మాటలు బట్టల మీదికి మళ్ళాయి. ఘాట్ రోడ్డు పక్కన అద్దెకిచ్చే గిరిజన వేషం వేసుకుని ఫొటో దిగాలని కోడలి సరదా. ‘‘ఒకరి బతుకు మనకి వేషమా?’’ అన్నారావిడ. కోడలు నొచ్చుకుంది. ‘‘బాగుందనేగా అత్తయ్యా కట్టుకుంటానంటున్నా, వెక్కిరించడానికా?’’ అంది. ఇద్దరి మాటలూ విన్న మనవరాలు ఫోన్‌లో ఓ పాత వీడియో తీసింది.

అది 2010 వాంకూవర్ శీతాకాల ఒలింపిక్స్. ఐస్ డాన్సులో ఆ ఏడాది ఒక విభాగానికి ఇచ్చిన అంశం జానపదం. రష్యా జంట ఒక్సానా డొమ్నినా, మాక్సిమ్ షబాలిన్ ఆస్ట్రేలియా ఆదివాసుల నాట్యం అంటూ ముదురు రంగు బిగుతు దుస్తులు, వాటి మీద తెల్లటి గీతలు, ఆకులతో ఆ సీజన్ పోటీల్లో దిగారు. ఇది మా నాట్యం కాదు, మమ్మల్ని కించపరచడమే అని అక్కడి ఆదివాసీ నాయకులు బాధపడ్డారు. ఒలింపిక్స్‌కి వచ్చేసరికి దుస్తుల రంగు తేలిక చేసి, అలంకారం తగ్గించారు. ఆట మాత్రం అదే. మొదటి విభాగంలో ముందున్నవాళ్ళు ఆ నాట్యం తర్వాత మూడో స్థానానికి దిగారు. చివరికి కాంస్యంతో సరిపెట్టుకున్నారు.

అదే మంచు మీద, అదే అంశానికి అమెరికా జంట మెరిల్ డేవిస్, చార్లీ వైట్ హిందీ సినిమా పాటలకి ఆడారు. అందులో ‘దేవదాస్’ పాటలూ ఉన్నాయి. అంతకుముందు ఓ భారతీయ నాట్య శిక్షకురాలి దగ్గర చేతులు, చూపులు ఎలా తిప్పాలో నేర్చుకున్నారు. మనవాళ్ళు ఆ వీడియోని మురిసిపోతూ చూశారు. వాళ్ళకి వెండి పతకం వచ్చింది.

‘‘వాళ్ళూ వేషమే, వీళ్ళూ వేషమే. వీళ్ళు ఒకరిని అడిగి నేర్చుకున్నారు. తేడా అదే’’ అంది మనవరాలు.

పాత తెలుగు సినిమాల్లో కోయదొరల పాటలు ఆవిడకి గుర్తొచ్చాయి. ఆకుల లంగాలు, నెత్తిన ఈకలు, అర్థంలేని అరుపులు. థియేటర్లో తానూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి ఆవిడకి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మర్నాడు వారపు సంత. పసుపు కొమ్ములు, అల్లం, రాజ్‌మా గింజలు, అడ్డాకుల కట్టలు. అల్లం బేరం చేస్తుంటే అమ్మే మనిషి ఆవిడ మొహంలోకి చూసి నవ్వింది.

‘‘రాత్రి నువ్వు ఫోన్ తీయలేదు కదమ్మా?’’

ఆవిడ గుర్తుపట్టలేదు. వెలిసిన నీలం చీర, పైన స్వెట్టరు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. రాత్రి నెగడు పక్కన వరసకి ముందు నిలబడి అందర్నీ నడిపించిన మనిషి ఈమేనని తెలిసేసరికి అల్లం చేతిలోనే ఉండిపోయింది. నడిపించిన మనిషి మొహం కూడా గుర్తులేదు. గుర్తున్నది చీర రంగే. రాత్రంతా తాను తప్పుపట్టిన ఫోన్ల వాళ్ళకి, తనకి తేడా ఏముంది?

సిగ్గుపడుతూనే మనసులో మాట అడిగేశారు.

‘‘మీ ఊళ్ళో ఎవరి చీర వాళ్ళు కట్టుకుని ఆడేవాళ్ళు కదమ్మా. ఆ రిసార్టు వాళ్ళు ఈ ఒకే రంగు చీరలు కట్టుకోమన్నారా?’’

ఆమె విచిత్రంగా చూసింది.

‘‘ఎవరూ అనలేదు. మేమే కొనుక్కున్నాం, డబ్బులేసుకుని. ఎవరి చీర వాళ్ళు కడితే ఒకామెది కొత్తది, ఒకామెది చిరిగింది. మీరంతా చిరిగిందే చూస్తారు. ఒకటే రంగయితే ఎవరు లేనివాళ్ళో మీకు తెలీదు.’’

టీచరమ్మకి నోట మాట రాలేదు. స్కూల్లో యూనిఫాం ఎందుకో పాతికేళ్ళు పిల్లలకి చెప్పిన మాట అది. అదే మాట సంతలో, అల్లం రాశి వెనక నుంచి వినిపించింది.

‘‘అరగంటలో ముగించేస్తారేం? ఊళ్ళో తెల్లారేదాకా ఆడేవారుగా’’ అన్నారు కాస్త తేరుకుని.

‘‘ఊళ్ళో మాకోసం ఆడతాం. ఇక్కడ మీకోసం. ఈ డబ్బుతో మా మనవరాలు పాడేరులో చదువుతోంది. రెండూ మాకు తెలుసమ్మా. ఏది ఎక్కడో కలిపెయ్యం.’’

మనవరాలు అప్పటిదాకా ఊరుకుంది. ఇక ఆగలేక రాత్రి ప్రశ్న అడిగేసింది. ‘‘చూసేవాళ్ళ వైపు ఎందుకు తిరగరు?’’

ఆమె అల్లం పక్కన పెట్టింది. లేచి ఆ పిల్ల వెనక నుంచి చెయ్యి పోనిచ్చి నడుం పట్టుకుంది. రెండు అడుగులు పక్కకి, ఒకటి వెనక్కి.

‘‘కిందికి చూడకు. ఎదురుగా చూడకు. నా చెయ్యి ఎటు లాగితే అటు రా. ఇది చూసి ఆడేది కాదు. పక్కమనిషి ఒంట్లోంచి వస్తుంది.’’

స్కేటింగ్‌లో పతకం తెచ్చుకున్న కాళ్ళు నాలుగోసారికి కూడా తడబడ్డాయి. సంతలో వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు ఎక్కడో విన్నట్టనిపించింది ఆవిడకి.

ఇదంతా విని ఆటంతా క్షేమంగా ఉందనుకుంటే పొరపాటే. ఆమే చెప్పింది... తమ ఊళ్ళో మోరి ఊదే మనిషి ఒక్కడే మిగిలాడని. పెద్దవాడైపోయాడు. కుర్రాళ్ళకి మోరి మీద మనసు లేదు, పెళ్ళికి డీజే బాక్సులు తెస్తున్నారు. మనవరాలికి పాటలు సగమే వచ్చు. రిసార్టులో రెండు మూడు రకాలే అడుగుతారు కాబట్టి పిల్లలు ఆ రెండు మూడే నేర్చుకుంటున్నారు. అడగని ఆట మరుపున పడుతుంది. చూసేవాళ్ళ ఇష్టం అక్కడిదాకా వెళ్ళి పనిచేస్తోంది.

అందుకేనేమో, ఆ సాయంత్రం మళ్ళీ నెగడు వెలిగినప్పుడు ఆవిడ ముందు వరస కుర్చీలోంచి గట్టిగా అడిగారు.

‘‘బాగ్ థింసా ఆడతారా? పులిది!’’

డప్పు ఒక్క క్షణం ఆగింది. ముందున్న ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. తర్వాత వరసలో సగం మంది తలలు వంచి వలయం కట్టారు. మిగిలిన సగం ముని వేళ్ళ మీద పాములా మెలికలు తిరుగుతూ వాళ్ళ చుట్టూ చేరారు. ఫోన్లు పట్టుకున్న చేతులు మెల్లిగా కిందికి దిగాయి. ‘ఒకటే స్టెప్పు’ అన్న పెద్దమనిషి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కోడలు అద్దె వేషం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆఖర్న అందరినీ రమ్మన్నప్పుడు తన మామూలు చుడీదార్‌తోనే వెళ్ళి గొలుసులో దూరింది.

బయల్దేరేముందు ఆవిడ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

‘‘చైత్రంలో పండక్కి మీ ఊరు రావచ్చా?’’

‘‘రా అమ్మా, పిల్లని కూడా తీసుకురా’’ అందామె. ఓ క్షణం ఆగి, నవ్వుతూ అంది. ‘‘కానీ ఆ రోజు కుర్చీలుండవు. మీకోసం ఎవరూ ఇటు తిరగరు.’’