సంతకం చెల్లే రోజుల్లోనే

నాన్నగారికి అల్జైమర్స్ మొదలైందని డాక్టరు తేల్చిన వారానికే మా బాబాయి ఫోన్ చేశాడు. "ముందు జనరల్ పవరాఫ్ అటార్నీ, అదే జీపీఏ, రాయించేసుకోండమ్మా, ఇక ఏ గొడవా ఉండదు."

నేనుంటున్న ఇంగ్లండులో అయితే అది మంచి సలహానే. ఇక్కడ 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం కింద ‘లాస్టింగ్ పవరాఫ్ అటార్నీ’ అని ఉంది. తెలివిలో ఉండగా రాసి, పబ్లిక్ గార్డియన్ ఆఫీసులో రిజిస్టరు చేయిస్తే, మతి తప్పాక కూడా చెల్లుతుంది. డబ్బు వ్యవహారాలకు ఒకటి, వైద్యం, సంరక్షణలకు ఇంకొకటి. ఇది చూసి చూసి అలవాటైన ప్రవాసులు చాలామంది ఇండియా జీపీఏ కూడా అంతేననుకుని నిశ్చింతగా ఉంటారు.

కానీ ఇండియాలో అలా కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ అధికారమూ పోతుంది. దేనికోసం రాయించుకున్నామో ఆ అవసరం వచ్చిన నాడే జీపీఏ చిత్తుకాగితమన్నమాట! 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద నామినీని పెట్టుకోవచ్చుగానీ, ఆ నామినీ మాట మానసిక వైద్యం వరకే. బ్యాంకులో పనికిరాదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నాయి, డిమెన్షియా లేదు. ఆలస్యం చేస్తే ఇక మిగిలేది కోర్టు మెట్లే.

కాబట్టి ఉన్న వ్యవధిలోనే పని. మా ప్లీడరుగారు మొదట వీలునామా అన్నారు. జబ్బు పేరు కాగితం మీద పడినంత మాత్రాన రాసే హక్కు పోదట. సంతకం పెట్టే వేళకు తనకేముందో, ఎవరికిస్తున్నాడో తెలిసి ఉంటే చాలు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, రేపెవరూ వేలెత్తి చూపకుండా చేయించాం. అదే రోజు తేదీతో డాక్టరు సర్టిఫికెట్, ఇద్దరు సాక్షుల్లో ఒకరు ఆ డాక్టరే. మధ్యాహ్నం దాటితే నాన్నగారు తికమకపడతారని పొద్దున్నే వెళ్లాం.

సబ్ రిజిస్ట్రారు, "ఎందుకొచ్చారండీ పెద్దాయనా?" అని అడిగాడు.

"వీలునామా రిజిస్ట్రేషన్‌కి. నువ్వు ఈ ఆఫీసుకి కొత్తా?" అన్నారు నాన్నగారు. గుమాస్తాలు నవ్వేశారు. నాన్నగారు మాత్రం నవ్వలేదు. ప్రతి పేజీ చదివి, సర్వే నంబరులో ఒక అంకె తప్పు పడిందని దిద్దించి మరీ సంతకం పెట్టారు.

ఇల్లూ పొలమూ ఇప్పుడే గిఫ్టు డీడు రాయించేసుకోమన్నవాళ్లూ ఉన్నారు. నాకు మనసొప్పలేదు. రేపు ఆయన మందులకూ, చూసుకునే మనిషి జీతానికీ ఆ ఆస్తే ఆధారం. సొంతింట్లో ఆయన్ని ఎవరి చేతికిందో ఉంచే హక్కు మాకెక్కడిది?

వీలునామా ఆయన తర్వాతి మాట. ఉన్నన్నాళ్లూ రోజు గడవాలిగా? పింఛను ఖాతాలో అమ్మ పేరు చేర్చి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ చేయించాం. కరెంటు బిల్లుకి, ఇన్సూరెన్సుకి ఆటో డెబిట్ పెట్టాడు తమ్ముడు. బీరువాలోని పాస్‌పుస్తకాలు, బాండ్లు, ఈసీలు అన్నీ మంచం మీద పరిచి, ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని జాబితా రాశాం. ఏ డిపాజిట్ ఏ బ్రాంచిలో ఉందో అప్పటికి ఆయనకే తెలుసు.

అన్నిటికంటే తలనొప్పి ఫోను. ఓటీపీలన్నీ దానికే వస్తాయి, కేవైసీ పేరు చెప్పి మోసగాళ్లు చేసేదీ దానికే. యూపీఐ పరిమితి తగ్గించాం, పెద్ద డిపాజిట్లున్న ఖాతాని ఆ యాప్ నుంచి తీసేశాం. ఫోను మాత్రం ఆయన దగ్గరే ఉంది. లాక్కుంటే మనిషి నొచ్చుకుంటాడు.

ట్రస్టు సంగతి ఇంకా తేలలేదు. ఆస్తిని కుటుంబ ట్రస్టులో పెట్టి నాన్నగారినే లబ్ధిదారుగా రాస్తే, ఆయన సంతకంతో పని లేకుండా ఆ రాబడి ఆయనకే ఖర్చుపెట్టొచ్చని ప్లీడరుగారి మాట. స్టాంపు డ్యూటీ ఎంతవుతుందో చూడమంటాడు తమ్ముడు. ఇల్లు మాత్రం అందులో కలపొద్దని అమ్మ పట్టు. దసరాకి నేను వెళ్లేసరికి కాగితాలు సిద్ధం చేస్తామన్నారు. నాన్నగారు చదివి దిద్దేలోగా అవి తయారైతే చాలు.